సుత్తి తీయుటకు ముందు

బోయినపల్లి,
మార్గశిర శుద్ధ పంచమి.

చిరంజీవి మనుమరాలికి తాత ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము నిన్న అందినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రము చదువుచున్న నీవు, సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మన గుట్టలలో రాళ్ళను, ఆ మీదట ప్రాణహిత ఒడ్డున శిలాజములను వెదకవలెనని తలచుచున్నట్లును, ఆ తిరుగుటలోనే అడవిమృగములు కంటబడిన బాగుండునని ఆశపడుచున్నట్లును వ్రాసి, అందుకు ఉపాయమేమైన నున్న చెప్పుమని అడిగితివి. బడిపంతులుగా ఈ పల్లెలలో పనిచేసినంతకాలము సెలవుదినములన్నియు గుట్టలకే ఇచ్చినవాడను గనుక నాకు తెలిసినంత చెప్పెదను. ఫోనులోనే చెప్పవచ్చును గాని, ఇట్టి మాటలు కాగితముమీద నుండుట మేలు. గుట్ట ఎక్కునాడు సంచిలో పెట్టుకొని పోవచ్చును.

మొదట చెప్పవలసినది సుత్తిని గూర్చి. గుట్ట చేరినంతనే దానిని బయటికి తీయకుము. తెల్లవారుజామున, నేల ఇంకను మంచుతో చల్లగానుండి తూర్పు తెల్లబారుచున్న వేళకు నీవు గుట్ట మొదట నుండవలెను. చిటికెడు ధూళి జారవిడిచి గాలి ఎటు వీచుచున్నదో చూచుకొని, గుట్టమీదినుండి గాలి నీవైపునకు వచ్చుచోట, గుహలకు చాల దూరముగా, నాలుగు దిక్కులు కనబడు మెరకమీద ఒక గుండునకు వీపు ఆనించి కూర్చుండి, ఎండ బండలమీద పూర్తిగా పరచుకొనువరకు లేవకుండవలెను. సుత్తి దెబ్బ ఒక్కటి పడిన చాలును, గట్టి గ్రానైటు ఆ ధ్వనిని గుట్ట యావత్తునకు చాటును; నెమలి కేక వేయును, కొండముచ్చు హెచ్చరించును, చెట్లలో నున్నవి చెట్లలోనే అణగిపోవును, ఆ తరువాత మధ్యాహ్నమువరకు నీకు కనబడునది ఆకాశమున తిరుగు గ్రద్ద మాత్రమే. మన గుట్టల రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నుండి ఉన్నచోటనే యున్నది. అది నీ కొఱకు ఇంకొక గంట ఉండును. మృగములు మాత్రము ఆ గంటలోనే కనబడును. రాళ్ళు సేకరించువారిలో నూటికి తొంబదిమంది అడవిలో ఏమియు చూడకుండ తిరిగివచ్చుటకు కారణము వారి కన్నులలో లోపముండుట కాదు. వచ్చీ రాగానే సుత్తి ఎత్తుట.

ఆ గంటలో ఏమి చూడగలవని అడుగుదువేమో. కదలక కూర్చుండిన పది నిమిషములకు మొదట కనబడునది తొండ. బండల సందున రాత్రి గడిపిన రాతితొండ అంచునకు వచ్చి, తల నెత్తి, ఎండ తగులువైపునకు ఒత్తిగిలి పడుకొనును. ఈ చలికాలమున అది బండరంగులోనే కలిసిపోయియుండును. తొలకరి దినములలో వచ్చి చూచితివేని, మగతొండ ప్రక్కలు కాటుకవలె నల్లబడి, వీపు నిప్పువన్నె తాల్చి, తన బండ తనదేనని చాటుచు ముందుకాళ్ళమీద లేచి దిగుచుండును. పిమ్మట ముంగిస, ఆ పిమ్మట పరికిపొదల క్రింద ఆకులు గీరుచు జిట్టకోళ్ళ జంట. రాతిగుట్టలను విడిచి ఎక్కడను ఉండజాలని ఆ చిన్నపక్షిని ఊరివారే పలువురు చూడలేదు. దాని మగదాని వంటిమీది తెల్లని చుక్కలు తెల్లవారు వెలుగున మెరయుట ఒకసారి చూచినచో, ఏ మణిని చూచినను నీకు అదే జ్ఞప్తికి వచ్చును. నిటారు బండ నెత్తిన కొమ్ములవంటి ఈకలతో కూర్చుండిన కొండగుడ్లగూబ, వెలుగు హెచ్చగానే కన్నులు సగము మూసి రాతిలో రాయి యగును. అదృష్టము బాగున్న, రాత్రియంతయు తిరిగి గుహకు మరలుచున్న గుడ్డెలుగు దూరపు బండపైన కనబడును.

బిడ్డా, నీవు శిలను చదువుచున్నదానవు గనుక మృగమును వెదకుట నీకు ఇతరులకంటె సులభము. ఏలయనగా, మన గుట్టలలో ఏ ప్రాణి ఎచ్చట నివసించునో నిర్ణయించునది చాలవరకు శిలయే. గ్రానైటు పొరలు పొరలుగా ఊడి, మూలలరిగి, గుండ్లుగా మారి, ఒకదానిపై నొకటి నిలిచినచోట వాని నడుమ చీకటిగదు లేర్పడును. అవి ఎలుగులకును, ఏదుపందులకును, ఒక్కొక్కప్పుడు చిరుతలకును ఆశ్రయములు. నల్లని డోలరైటు గోడ గ్రానైటును చీల్చుకొని పోయినచోట, ఆ నల్లరాయి చిన్న చిన్న దిమ్మలుగా పగిలి, ఆ సందులనిండ తొండలును జెఱ్ఱులును బల్లులును చేరును; వానిని తినవచ్చునట్టి పాములును ముంగిసలును అక్కడనే తిరుగును. బండ పగులు వెంబడి మేడియు జువ్వియు వేళ్ళు దింపి నిలుచును. అవి కాచిన దినములలో పక్షులు గుట్ట విడిచిపోవు. గుట్ట మొదట కొట్టుకొనివచ్చిన ఎఱ్ఱమట్టిలో చెదపుట్టలు లేచును. చెదపుట్టలున్నచోటికి ఎలుగు రాక తప్పదు. పరుపుబండలమీద వానకు వానకు అరిగి ఏర్పడిన దొనలలో మాఘమాసమువరకు నీరు నిలుచును, ఆ దొన అంచునగల వేలెడు బురదలో ముందురాత్రి నీరు త్రాగవచ్చినవాని జాడలన్నియు నుండును. కావున భూపటము చూచి, ఇక్కడ గుండ్ల కుప్ప, ఇక్కడ నల్లరాతి గోడ, ఇక్కడ దొన అని గుర్తుపెట్టుకొని బయలుదేరితివేని, ఏ ప్రాణికొఱకు ఎచ్చట కూర్చుండవలెనో ఇంటివద్దనే సగము తెలిసిపోవును.

దొన అంచున బురదను చూచుట ఎట్లో కొంచెము వివరముగా వ్రాసెదను. నిలువునా పైనుండి చూడవద్దు; ప్రొద్దున ఏటవాలు ఎండలో, జాడకు ఆవలిప్రక్క సూర్యుడుండునట్లు కూర్చుండి చూడుము, అప్పుడు జాడ అంచుల నీడ లోపలికి పడి రూపు స్పష్టమగును. నాలుగు వ్రేళ్ళు గుండ్రని మడమచుట్టు అమరి, గోళ్ళ గుర్తు లేకున్నచో అది పిల్లిజాతి. చిరుత నడచునప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకొనును. గోళ్ళ గుర్తులున్నచో కుక్క, తోడేలు, నక్క, దుమ్ములగొండి వీనిలో నేదో యొకటి. చిన్నబిడ్డ వట్టికాలితో నడచినట్లుండి, వ్రేళ్ళకు చాల ముందుగా పొడవాటి గోళ్ళ గీతలు గ్రుచ్చుకొనియుండిన, అది గుడ్డెలుగు. ఏదుపంది జాడను గుర్తించుటకు శ్రమ యక్కరలేదు. నల్లదనమును తెల్లదనమును కలిసిన ముల్లొకటి దగ్గరనే పడియుండును.

ఇక రాళ్ళ సంగతి. మన బోయినపల్లి, గంగాధర, కొడిమ్యాల గుట్టలలో శిలాజముకొఱకు వెదకి కాలము వ్యర్థము చేసికొనకుము. భూమి లోతున కరిగి చల్లారిన శిలలలో ఎముక గాని ఆకు గాని యుండుటకు అవకాశము లేదు, ఆనాటికి భూమిమీద ఎముకగల ప్రాణియే పుట్టలేదు. ఇక్కడ దొరకునవి వేఱు: తెల్లని పలుగురాయి, గులాబివన్నె ఫెల్డ్‌స్పారు, కాకిబంగారము, కరీంనగరు గ్రాన్యులైటులలోని ఎఱ్ఱని గార్నెట్లు, అయస్కాంతమునకు అంటుకొను నల్లని ఇనుపరాయి. పాత ఊళ్ళ పొలిమేరలలో నల్లగా, బుడగలు బుడగలుగా, బరువుగానుండు గడ్డలు కనబడిన వానిని ఉల్కాశకలములని భ్రమపడకుము. అది మన కమ్మరుల ఇనుప చిట్టెము. జగిత్యాల ప్రాంతమునుండి నిజామాబాదు వైపు కోనసముద్రమువరకు ఒకప్పుడు మూసలలో ఉక్కు వండి విదేశములకు పంపిరి. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును కలిసి ఈ ఊళ్ళ చిట్టెపు దిబ్బలను సర్వే చేసిరి. ఆ చిట్టెమును కూడ ఉన్నచోటనే ఉండనిమ్ము.

రాయిని ఎత్తుట ఒక విద్య. గుట్టమీద ప్రతి పలకరాయియు ఎవరికో ఒకరికి ఇంటికప్పు. కప్పు తీయువారు లోపలివారిని తలచుకొనవలెను. పలకయొక్క ఆవలి అంచును, కఱ్ఱతోగాని కొక్కెముతోగాని పట్టి, నీవైపునకు లేవదీయుము. అప్పుడు తెరచుకొన్న సందు నీకు ఎదురుగా గాక అవతలివైపున నుండును, లోపల పామున్నను తేలున్నను ఆ సందుగుండనే బయటికి పోవును, రాయి నీకు అడ్డముగా నుండును. వేళ్ళు క్రిందికి చొప్పించి ఎత్తినవారిని నాగుపామో, రక్తపింజరియో, ఇసుకరంగులో కలిసిపోవు చిన్నపింజరియో కాటువేయుట మన పల్లెలలో క్రొత్తసంగతి కాదు. ఎత్తిన పిమ్మట లోపల ఏమున్నదో చూడుము. వీపునిండ తెల్లని పిల్లలను మోయుచున్న తల్లితేలు కనబడవచ్చును; ఆ పిల్లలు మొదటిసారి కుబుసము విడుచువరకు తల్లి వీపు దిగవు. రాతి అడుగున అంటుకొనియున్న బల్లిగ్రుడ్లు కనబడవచ్చును. వానిని ఊడదీసితివా చితికిపోవును. చూచిన తరువాత ఆ రాయిని ఏ ముఖము క్రిందనుండెనో ఆ ముఖమే క్రిందికి వచ్చునట్లు, అదే గుంటలో, మెల్లగా దింపుము. నీకు కావలసిన ఖనిజము ఆ పలకలోనే యున్నదా? అట్లయిన దానిని విడిచి, వాననీటికి కొట్టుకొనివచ్చి ఒఱ్ఱెలో పడియున్న ముక్కలలో వెదకుము. ఎవ్వరి ఇల్లును కూలకుండ దొరకిన నమూనా శాస్త్రమునకు అంతే ఉపయోగపడును. పాము కఱచిన పక్షమున కట్లు బిగించుట, గాటుపెట్టుట, మంత్రములు వేయించుట ఏదియు చేయక, ఆ అవయవమును కదల్చక తిన్నగా ప్రభుత్వాసుపత్రికి పోవలెను. విషమునకు విరుగుడు మందు అక్కడనే యున్నది. ఒంటరిగా మాత్రము ఎన్నడును గుట్ట ఎక్కకుము.

గుడ్డెలుగును గూర్చి నీ భయము ఎంతో నాకు తెలియదు గాని, ఉండవలసినంత భయము ఉండవలెను. దాని ముక్కు సూక్ష్మము, కన్నును చెవియు మందము. పైదవడలో నడిమి రెండు పండ్లు లేవు, ఆ సందుగుండనే చెదలను గాలితోసహా పీల్చి తినును, ఆ చప్పుడులో మన అడుగు దానికి వినబడదు. దగ్గరికి పోయిన తరువాత ఉలికిపడి మీదపడును. మనుష్యుని వేటాడుటకు కాదు, బెదరి. కావున నేను పైన చెప్పిన మౌనము కూర్చుండుటకేగాని నడచుటకు గాదు. గుండ్ల నడుమ ఇరుకుదారిలో పోవునప్పుడు గట్టిగా మాటలాడుచు, కఱ్ఱ బండకు తాటించుచు పొమ్ము. గాలి నీ వీపువైపునుండి వీచుచున్న మఱియు మంచిది, నీ వాసన నీకంటె ముందుగా చేరును. ముఖ్యముగా ఇది గుర్తుంచుకొనుము: ఆడఎలుగు చలికాలమునందే గుహలో ఈనును, పిల్లలు రెండుమూడు నెలలు లోపలనే పెరుగును, ఆ పిదప తల్లి వీపునెక్కి బయటికి వచ్చును. రాళ్ళు ఏరువారికి అనుకూలమైన సంక్రాంతి దినములును, ఎలుగు పసికూనలతో గుహలో నుండు దినములును ఒక్కటే. గుహ ముఖమున నలిగిన గడ్డి, గోళ్ళ గీతలు, కొత్త మలము కనబడినంతనే వెనుకకు మరలుము. లోపల ఎంత చక్కని స్ఫటికములున్నవని ఎవరు చెప్పినను పోవద్దు. చిరుత ఎదురైనను పరుగెత్తకుము. దానివైపే చూచుచు మెల్లమెల్లగా వెనుకకు నడువుము. మన మండలము నందే 2021 జనవరిలో ఒక వ్యవసాయపు బావిలో చిరుతపులి పడిన వార్త నీవును చదివియుందువు; ఈ చుట్టుప్రక్కల చిరుత యున్నదా అను సందేహము అప్పటితో తీరినది.

మలమును గూర్చి వ్రాయుటకు సంకోచింపను, నీవు చదువుచున్న శాస్త్రమునకు అది ప్రధానాధారములలో నొకటి. ఆసిఫాబాదు ప్రాంతమున మాలేరి ఎఱ్ఱమట్టి పొరలలో, సుమారు 22 కోట్ల సంవత్సరములకు పూర్వపు జంతువుల మలము రాయిగా మారిన ఉండలు విరివిగా దొరకినవి. వానిని కోసి చూచి, లోపలి చేపపొలుసులనుబట్టియు సూక్ష్మపు పెంకులనుబట్టియు ఆ కాలపు నీటిమడుగులలో ఏవి వేనిని తినెనో పండితులు ఊహించిరి. అదే విద్యను నీవు నేటి గుట్టమీద పుల్ల చేతబట్టి అభ్యసింపవచ్చును. ఎలుగు మలములో చెదల తలలు, తునికి గింజలు, రేగు గింజలు కనబడును. చిరుత మలములో వెండ్రుకలు, చిన్న ఎముకల తునకలు పేనినట్లుండును. దుమ్ములగొండి మలము ఎండినకొలది సున్నమువలె తెల్లబడును. అది నమలి మ్రింగిన ఎముకల ఫలము. గుడ్లగూబ కూర్చుండు బండక్రింద వేలెడు పొడవున బూడిదరంగు ఉండలు పడియుండును, అవి మలము గావు, అరుగనివానిని అది తిరిగి కక్కిన ముద్దలు. ఎండిన ముద్ద నొకదానిని నీటిలో నానవేసి విప్పుము. ఎలుక పుఱ్ఱె, దానిలో పసుపువన్నె కొరుకుపండ్లు, గోరంత దవడ, ఆవగింజలంత నమలుపండ్లు ఒక్కొక్కటిగా బయటపడును. ఆ చిన్నపండ్లను నల్లగుడ్డమీద వరుసగా పేర్చి భూతద్దముతో చూచి బొమ్మ గీయుము. ఎందుకనగా, ప్రాణహిత ఒడ్డున కోట సున్నపురాతి పొరలలో డైనోసారుల కాళ్ళ సందున తిరిగిన తొలి స్తన్యజీవుల ఉనికి మనకు తెలిసినది అట్టి చిన్న పండ్లవలననే. మట్టిని జల్లెడపట్టి కడిగి ఏరినవారికి అవి దొరకినవి. ఆ స్తన్యజీవులలో ఒకదానికి, ఇంగ్లండునుండి వచ్చి మన దేశమున స్థిరపడిన హాల్డేన్ మహాశయుని పేర కోటాథీరియమ్ హాల్డేనై అని నామకరణము చేసిరి. గుడ్లగూబ ముద్దలు విప్పి చేయి తిరిగిన పిల్లకు ఆ పని కష్టము గాదు.

గుహల దగ్గర ఎముకలు కుప్పగా కనబడినచో శిలాజములు దొరకినవని సంబరపడకుము. ఏదుపందులు సున్నముకొఱకు ఎండిన ఎముకలను ఈడ్చుకొనివచ్చి గుహలో కొరుకును. అంచులనిండ ఉలితో చెక్కినట్లు వెడల్పైన పంటిగీతలుండును. శిలాజమైన ఎముక చేతికి రాయివలె బరువుగా తోచును. తడివేలితో తాకిన, దాని సన్నని రంధ్రములు తడిని పీల్చి వేలును పట్టుకొనును. నాలుకతో పరీక్షించు అలవాటు మీ శాస్త్రజ్ఞులలో నున్నదని విందును. మృగములు తిరుగుచోట ఆ పని చేయవద్దు.

శిలాజములకొఱకు పోవలసినది గోదావరి ప్రాణహితల లోయకు. రామగుండము బొగ్గుపొరల దగ్గర 25 కోట్ల సంవత్సరములు దాటిన గ్లాసాప్టెరిస్ ఆకుల అచ్చులు దొరకును. విలియమ్ కింగ్ దొర 1871లో ఇల్లెందు బొగ్గును కనుగొని, ఈ లోయ యావత్తు తిరిగి, 1881లో దాని భూగర్భవివరములను ప్రకటించెను. కలకత్తా భారతీయ గణాంక సంస్థవారు 1961లో సిరోంచ వైపు త్రవ్వితీసిన మహాకాయపు డైనోసారు ఎముకలకు, అది రవీంద్రుని శతజయంతి సంవత్సర మగుటచేత, 1975లో బరాపాసారస్ టాగోరై అని పేరిడిరి. అవిభక్త ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లివద్ద దొరకినదానిని 1988లో శాస్త్రజ్ఞులు యాదగిరిగారు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని ప్రకటించిరి. దాని అస్థిపంజరము హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియములో నిలిపియున్నది, నీవు చూచియే యుందువు. చెదరిపడిన ఆ ఎముకలు ఒక్కదానివి గాక సుమారు పండ్రెండు మృగములవని తేల్చిరి; ఇట్టి విచారణకు ఏ ఎముక ఏ పొరలో ఎటు తిరిగి పడియుండెనో తెలియుట మేలు. నీకు ఎముక కనబడిన, పెరకక, కొలబద్ద ప్రక్కన ఉంచి ఫొటో తీసి, చోటును గుర్తించి, మీ ఆచార్యులకు తెలుపుము. ఊడివచ్చిన ఎముక ఇంట అద్దాలబీరువాలో అలంకారమగును గాని సాక్ష్యము కాజాలదు.

ఆ లోయ నేడును మృగముల నేలయే. ప్రాణహిత అభయారణ్యమున కృష్ణజింకలు కలవు. శివ్వారము దగ్గర గోదావరి మడుగులలో మొసళ్ళు ఎండకు పడుకొనును. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట నిటారు బండలమీద 2013లో రాబందుల గూళ్ళు కనబడినవి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను నొప్పిమందు వానికి విషమై దేశమున రాబందులను తుడిచిపెట్టినది. 2006లో ఆ మందును పశువైద్యమున నిషేధించిన తరువాత మిగిలిన కొద్దివానిలో ఇవి కొన్ని. మహారాష్ట్ర అడవులనుండి పులులు నది దాటి వచ్చుచున్నవి. 2020 నవంబరులో ఆసిఫాబాదు జిల్లాలో పులివాతబడి ఇద్దరు మరణించిరి. కనుక అక్కడికి మీ శాఖ ద్వారా అటవీశాఖ అనుమతి తీసికొని, వారి మనిషిని వెంటబెట్టుకొనియే పోవలెను. అభయారణ్యమునుండి ఆకైనను తీసికొనిపోవుట నేరము. అడవిలోని రాయిని కూడ చట్టము అటవీ ఉత్పత్తిగానే లెక్కించును. చట్టమునకు వెరచి గాక, అది న్యాయమని తెలిసి పాటింపుము.

వాగులను గూర్చి ఒక్క మాట. మాలేరి శిలాజములను తొలుత లోకమునకు చూపినవారిలో ఒకడైన స్టీఫెన్ హిస్లాప్, నాగపురమున బడులు పెట్టి రాళ్ళను ప్రేమించిన పాదిరి, 1863 సెప్టెంబరులో పాతకాలపు శిలావర్తులములను చూచి చీకటివేళ తిరిగి వచ్చుచు, పొంగిన వాగు దాటబోయి మునిగిపోయెను. నీళ్ళు మోకాలు దాటినచోట ఒడ్డుననే రాత్రి గడపుట మేలు.

మరల మన ఊరికి వచ్చెదను. మన దాపుననే కురిక్యాలలో బొమ్మలగుట్ట యున్నది. క్రీ.శ. 945 ప్రాంతమున, పంపమహాకవి తమ్ముడు జినవల్లభుడు ఆ బండమీద జినబింబములను, చక్రేశ్వరిని చెక్కించి, సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందములను వ్రాయించెను. వేయేండ్లకు పైబడిన ఆ పద్యములు నేటికిని మనకు మిగిలినవన్న, ఆ రాయిని ఎవ్వరును పగులగొట్టలేదు గనుకనే మిగిలినవి. ఇప్పుడో, టాన్ బ్రౌన్ అను పేర మన గ్రానైటు ఓడలకెక్కుచున్నది. కరీంనగరు చుట్టుప్రక్కల గుట్టలు ఒక్కొక్కటిగా నరకబడుచున్నవి. బొమ్మలగుట్టకు సైతము క్వారీల బెడద తప్పలేదు. ఒక ప్రక్క మధ్యమానేరు జలాశయపు నీరు పల్లెలను కప్పినది, ఇంకొక ప్రక్క గుట్టలు కరగిపోవుచున్నవి. ఎలుగు ఊరిలోనికి వచ్చినదని మనము కేకలు వేయుచున్నాము. దాని ఇంటిని పలకలుగా కోసి ఎగుమతి చేసినవారిని గూర్చి మాత్రము ఎవ్వరును మాటలాడరు. గ్రానైటు పనిలో వేలమంది కూలీల తిండి యున్నదని నాకు తెలియును, పని వలదని నేననను. ఏ గుట్టను త్రవ్వవలెను, ఏ గుట్టను విడువవలెను అను విచారణ యుండవలెననియే నా కోరిక. బళ్ళారి సీమలో దరోజి గుండ్లగుట్టలను 1994లో ఎలుగుల అభయారణ్యముగా ప్రకటించిరి. మన గుట్టలును అట్టివే, మన ఎలుగులును అట్టివే.

అందుచేత నిన్నొక పని అడుగుచున్నాను. చదువు ముగిసిన పిమ్మట నీవు సర్వేలోనో, గనులశాఖలోనో, ఏదేని కంపెనీలోనో చేరుదువు. ఒకనాడు ఇట్టి గుట్టనొకదానిని కొలిచి, రాయి నాణ్యమెంత, ఎన్ని ఘనపు మీటర్లు వచ్చును అని నివేదిక వ్రాయుమని నీ చేతికి కాగితములిత్తురు. ఆ రోజునను తెల్లవారుజామున పోయి, పరికరములు తీయకముందు ఒక గంట కూర్చుండుము. ఎలుగు గుహ యెచ్చట నున్నదో, గుడ్లగూబ ఏ బండమీద గ్రుడ్లు పెట్టుచున్నదో, ఏ దొనలో ఏ నెలవరకు నీరుండునో, శాసనముగాని చిట్టెపు దిబ్బగాని యున్నదేమో, ఘనపు మీటర్లతోపాటు అదియు ఆ నివేదికలో వ్రాసి సంతకము పెట్టుము.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ తాత.